చెప్పింది మనం, చదివింది వాళ్లు

నమస్కారం అండీ. ఈ మధ్య పాలకొల్లు దగ్గర మా పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లాను. ఫ్రిజ్ మీద బీపీ బిళ్లల షీటు ఉంది. నాలుగో ఐదో వాడింది, మిగతావి అలాగే ఉన్నాయి. "ఏంటి పెద్దమ్మా, మానేశావా?" అంటే, "తల తిరగడం తగ్గిపోయింది కదరా, ఇంకెందుకు" అంది. పక్కన పొయ్యి మీద ఉప్పుచేప వేగుతోంది. మా పెద్దనాన్న పక్షవాతంతో పోయింది ఆ ఇంట్లోనే.

ఇలాంటి ఇళ్ల గురించే ఒక పెద్ద పరిశోధన జరిగింది. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లు, దాదాపు లక్షా 80 వేల జనం. ఆస్ట్రేలియాకు చెందిన జార్జ్ ఇన్‌స్టిట్యూట్, ఇక్కడి సంస్థలు కలిసి చేశాయి. పల్లెల్లో చాలామంది ఇంట్లోనే పోతారు, ఎందుకు పోయారో రాసిచ్చే డాక్టరు ఉండడు. అందుకని ఆరోగ్య కార్యకర్తలే చావు జరిగిన ఇంటికి వెళ్లి అడిగారు. గుండెల్లో నొప్పి వచ్చిందా? మూతి వంకర పోయిందా? చెయ్యీ కాలూ పడిపోయాయా? జ్వరం ఎన్నాళ్లుంది? ఆ కాగితాలు చదివి డాక్టర్లు కారణం తేల్చారు. దీన్నే వెర్బల్ అటాప్సీ అంటారు.

ఏడాదిలో 1,354 మరణాలు. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులవే, పక్షవాతం కూడా వీటిలోదే. అంటువ్యాధులు 12. గుండెపోటు పట్నం వాళ్ల జబ్బని మనం అనుకుంటున్న రోజులవి!

2006లో ఇది అంతర్జాతీయ పత్రికలో వచ్చింది. మంచిదే, ప్రభుత్వాలకి అలాంటి లెక్క కావాలి. కానీ ఒక ఇల్లాలు కళ్లు తుడుచుకుంటూ తెలుగులో చెప్పిన మాట ఇంగ్లీషులో ఒక శాతమైంది. అది తిరిగి ఆవిడ అరుగు మీదికి రావాలి కదండీ. గ్రామసభలోనో, డ్వాక్రా మీటింగులోనో, "పోయినవాళ్లలో దాదాపు ముగ్గురిలో ఒకరు గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు" అని చెబితే అర్థం కానివాళ్లుండరు. జాగ్రత్త మాత్రం చాలా అవసరం. రెండొందల గడప ఉన్న ఊళ్లో "ఒకరు ఆత్మహత్య" అన్నా చాలు, ఏ ఇల్లో అందరికీ తెలిసిపోతుంది. కాబట్టి అలాంటివి ఊరి లెక్కగా కాకుండా, చాలా ఊళ్లు కలిపి చెప్పాలి.

అనుకున్న ఫలితం రాకపోయినా చెప్పాలి. పశ్చిమ గోదావరిలోనే 18 ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల పరిధిలో ఆశా కార్యకర్తలకు ట్యాబ్‌లిచ్చి, గుండె జబ్బు ముప్పున్నవాళ్లను గుర్తించి డాక్టరు దగ్గరికి పంపే ప్రయత్నం చేశారు. 2019లో ఫలితాలు వచ్చాయి. బీపీ అదుపులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. నన్నడిగితే ఊళ్లో ముందు కూర్చుని చెప్పాల్సింది ఇదే. ఎందుకు రాలేదో జనానికి తెలుసు.

ఆ రోజు పెద్దమ్మకి ఈ 32 లెక్క చెప్పాను. స్టవ్ కట్టేసి వచ్చి కూర్చుంది. పెద్దనాన్నతో మొదలుపెట్టి మా వీధిలో పోయినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టింది. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అసలు సంగతి చెప్పింది. "బిళ్లలు పది రోజులకే ఇస్తున్నార్రా. అయిపోయినప్పుడల్లా ఆటోకి డబ్బులు పెట్టుకుని ఎవరెళ్తారు? అందుకే దాచుకుని దాచుకుని వేసుకుంటున్నా. వాళ్లెవరో రాసుకున్నారన్నావుగా, ఇది కూడా రాసుకోమను."