తప్పు పిల్లలదా, పెద్దలదా? 1951 ఆర్మీ జట్టు ఓటములపై చర్చ

(డిసెంబర్ 2020 చివరి వారం, స్టూడియో చర్చ. పాల్గొన్నవారు: విశ్రాంత కర్నల్, క్రీడా విలేకరి, న్యూజెర్సీ నుంచి ఫోన్‌లో ఒక తెలుగు ప్రొఫెసర్.)

యాంకర్: నమస్కారం. అమెరికాలోని వెస్ట్ పాయింట్ సైనిక అకాడమీలో 73 మంది కేడెట్ల మీద కాపీ ఆరోపణ వచ్చింది. మే నెలలో ఆన్‌లైన్‌లో రాసిన లెక్కల పరీక్ష అది. వెంటనే అందరికీ 1951 గుర్తొచ్చింది. ఆ ఆగస్టులో పరీక్షల్లో మోసం చేశారని 90 మందిని పంపించేస్తున్నామని ఇదే అకాడమీ ప్రకటించింది. వాళ్లలో 37 మంది అకాడమీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టువాళ్లే. ఆ జట్టునే ఆర్మీ అంటారు. ఆ సీజన్‌లో జట్టు 2 గెలిచి 7 ఓడింది. పోయినవాళ్లలో కోచ్ రెడ్ బ్లేక్ సొంత కొడుకు బాబ్ కూడా ఉన్నాడు. కర్నల్ గారూ, ఆ తండ్రి మనసు...

కర్నల్: ఆగండాగండి. తండ్రి సంగతి తర్వాత. ముందు రూల్ ఏంటో చెప్పనివ్వండి. కేడెట్ అబద్ధమాడడు, మోసం చేయడు, దొంగతనం చేయడు. అంతే. ఇందులో చర్చేముంది?

విలేకరి: చర్చ ఉందండీ. అసలు ఆ పరీక్షలు ఎలా...

కర్నల్: నేనింకా అవ్వలేదు. 1944, 45ల్లో దేశంలోనే మొదటి జట్టు. 46లో కూడా ఓటమి లేదు. 1950లో ఎనిమిది గెలిచి, చివర్లో ఒక్క నేవీ, అంటే నౌకాదళ అకాడమీ జట్టు, చేతిలో 14–2తో ఓడారు. అలాంటి జట్టును సీజన్ ముందు ఖాళీ చేశారు. ఓడిపోతామని తెలిసే చేశారు! ఇంకెవరైనా చేస్తారా చెప్పండి?

విలేకరి: ఇప్పుడైనా చెప్పొచ్చా? కేడెట్లను రెండు రెజిమెంట్లుగా విడదీసి, ఒకే ప్రశ్నపత్రం వేర్వేరు రోజుల్లో ఇచ్చేవాళ్లు. ముందు రోజు రాసినవాడు ప్రశ్నలు చెప్తుంటే రెండో రోజువాడు చెవులు మూసుకోవాలా? పొద్దున్నుంచి డ్రిల్లు, క్లాసులు, సాయంత్రం ప్రాక్టీసు. తలుపు బార్లా తెరిచిపెట్టి, దొంగ వచ్చాడంటే ఎలా?

కర్నల్: తలుపు తెరిచుంటే దొంగతనం చేసేస్తారా? ఏం మాట్లాడుతున్నారండీ!

యాంకర్: సరే, సరే. నేను మళ్లీ నా పాయింటుకొస్తా. బాబ్ బ్లేక్ జట్టులో క్వార్టర్‌బ్యాక్. అంటే ఆట నడిపేవాడు. నాన్న కోచ్. మేడమ్, ఇంట్లో పరిస్థితి ఎలా ఉండి ఉంటుంది?

ప్రొఫెసర్: (ఫోన్‌లో) ఇంట్లో సంగతి నాకెలా తెలుస్తుందండీ. కోచ్ రాజీనామా ఇద్దామనుకున్నాడు, జనరల్ మెకార్థర్ ఉండమన్నాడు, ఉండిపోయాడు. నేను చెప్పాలనుకున్నది వేరు. విచారణలో నిజం ఒప్పుకున్నవాళ్లే ఎక్కువగా బలయ్యారు, బుకాయించిన కొందరు తప్పించుకున్నారు అన్న విమర్శ అప్పుడే వచ్చింది. మరి రూల్ నేర్పింది ఏంటి?

కర్నల్: అదంతా తర్వాత పుట్టిన మాట. జడ్జి లర్నెడ్ హ్యాండ్ అంతటివాడిని పెట్టి కమిటీ వేశారు. పంపించేయమనే ఆయనా చెప్పాడు.

ప్రొఫెసర్: కమిటీ చూసింది శిక్ష గురించి. నేను అడిగేది... హలో? వినిపిస్తోందా?

యాంకర్: లైన్ కాస్త ఇబ్బందిగా ఉంది. మేడమ్ దగ్గరికి మళ్లీ వద్దాం.

(మళ్లీ వచ్చింది ఒక్కసారే, అదీ చివర్లో.)

విలేకరి: అదే 1951లో మన దేశం ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో బంగారు పతకం గెలిచింది. కోచ్ మన హైదరాబాద్ రహీం సాబ్. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది. యూనిఫాం వేసుకున్న జట్టు అంటే...

కర్నల్: అది కాలితో ఆడే ఫుట్‌బాల్. ఇది చేత్తో పట్టుకుని పరిగెత్తేది. రెండూ కలిపేస్తే ఎట్లా?

విలేకరి: ఆట గురించి కాదండీ, యూనిఫాం గురించి.

కర్నల్: యూనిఫాం గురించి నాకు చెప్తారా?

(స్టూడియోలో నవ్వులు)

యాంకర్: 1951 సీజన్‌లో ఆర్మీ స్కోర్లు చూద్దాం. అవతలివన్నీ కాలేజీ జట్లే. విలనోవా చేతిలో 21–7. హార్వర్డ్ చేతిలో 22–21. పెన్సిల్వేనియా యూనివర్సిటీ చేతిలో 7–6. గెలిచింది కొలంబియా మీద, సిటడెల్ మీద.

కర్నల్: చూశారా! రెండు మ్యాచ్‌లు ఒక్కో పాయింటుతో పోయాయి. ఎవరితో ఆడారండీ? మిగిలిపోయిన పిల్లలతో, అనుభవం లేనివాళ్లతో. ఆ రెండు గెలుపులు నా లెక్కలో ఇరవైకి సమానం.

విలేకరి: నేవీ చేతిలో 42–7 సంగతి చెప్పరేం? పైగా ఆ ఏడాది నేవీ ఏం గొప్ప జట్టు కాదు. సీజన్ మొత్తం గెలిచింది రెండే, అందులో ఒకటి ఇదే. సెనేటర్ ఫుల్‌బ్రైట్ అయితే అకాడమీల్లో ఫుట్‌బాలే ఆపేయమన్నాడు. ఆ మాట ఎందుకొచ్చిందో ఆలోచించాలి. గెలుపు పిచ్చి పట్టించింది పెద్దలు. శిక్ష పడింది పిల్లలకి. కోచ్ మాత్రం కుర్చీలోనే ఉన్నాడు.

కర్నల్: ఉన్నాడు కాబట్టే 1953లో 7 గెలిచి, ఒకటి ఓడి, ఒకటి డ్రా చేశారు! అప్పుడు ఆయన దగ్గర అసిస్టెంటు ఎవరు? విన్స్ లొంబార్డి! ఈ రోజు అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్, సూపర్ బౌల్ ట్రోఫీ ఎవరి పేరు మీదుంది?

విలేకరి: దానికీ దీనికీ ఏం సంబంధం సార్?

కర్నల్: సంబంధం లేదా? కోచ్‌ని కూడా తీసేసి ఉంటే...

యాంకర్: అంటే కర్నల్ గారు చెప్పినట్టు, కోచ్ కొడుకుని వదులుకుని జట్టుని నిలబెట్టాడు. అంతేనా?

విలేకరి: వదులుకోలేదండీ! తీసేసింది అకాడమీ. మీరు మొదట్నుంచీ అదే పట్టుకున్నారు.

యాంకర్: ప్రేక్షకులకు కావాల్సింది అదే కదా సార్. ఒక నిమిషమే ఉంది. మేడమ్ లైన్లోకి వచ్చారు. త్వరగా చెప్పండి మేడమ్.

ప్రొఫెసర్: ఇప్పటి 73 మందిలో ఒక్కరు తప్ప అందరూ ఆ పరీక్ష రాసినప్పుడు మొదటి ఏడాది పిల్లలే. 1951లో అందరినీ ఒకే గాటన కట్టి పంపించినట్టు వీళ్లని...

కర్నల్: పంపించాల్సిందే. ఏడాదైనా, నాలుగేళ్లయినా. రేపు వీళ్ల చేతికి తుపాకీ ఇస్తారండీ, తుపాకీ!

విలేకరి: అసలు ఆమెని మాట్లాడనివ్వండి...

కర్నల్: నేనేం ఆపానా? నేను అడుగుతున్నది ఒకటే...

యాంకర్: సమయం అయిపోయింది. కర్నల్ గారు చాలా బలంగా చెప్పారు. విరామం తర్వాత వాతావరణ వార్తలు.

కర్నల్: (మైకు ఇంకా పనిచేస్తోంది) ఒక్క పాయింటుతో రెండు మ్యాచ్‌లు పోయాయండీ, అది ఎవరూ...