చితికి ముందు పోలికార్పు

సహోదరీ సహోదరులారా, స్ముర్న సంఘ బిషప్పు పోలికార్పు పేరెత్తగానే మనకు ఆయనను కాల్చిన ఆ చితి, ఆ మంటలే గుర్తొస్తాయి. ఈరోజు అంతకుముందు జరిగిన సంగతులే ఎక్కువ చెబుతాను.

క్రీ.శ. 155 ప్రాంతం. రోమా అధికారులు క్రైస్తవులను హింసిస్తున్న రోజులు. ప్రకటన గ్రంథం 2వ అధ్యాయంలో “మరణమువరకు నమ్మకముగా ఉండుము” అనే మాట అందుకున్న స్ముర్న సంఘమే పోలికార్పు సంఘం. స్ముర్న నేడు టర్కీలోని ఇజ్మీర్. ఆ సంఘం ఫిలొమేలియం సంఘానికి రాసిన ఉత్తరం మనకు దక్కింది. అందులో పోలికార్పు కంటే ముందు ఫ్రుగియ ప్రాంతం నుంచి వచ్చిన క్వింతు అనే విశ్వాసి కనబడతాడు. తనంతట తానే వెళ్లి పట్టుబడ్డాడు, ఇంకొందరినీ వెంటబెట్టుకెళ్లాడు. తీరా తన మీదికి వదలబోయే మృగాలను చూశాక గుండె జారిపోయింది. రోమా అధిపతి బుజ్జగిస్తే కైసరు పేర ప్రమాణం చేసి దేవతలకు బలి అర్పించేశాడు. అందుకే, తమను తామే అప్పగించుకునేవారిని మేము మెచ్చుకోం, సువార్త అలా నేర్పదు అని సంఘం తేల్చి రాసింది. మన పుల్పిట్ల మీద ఈ మాట వినబడటమే అరుదు. వినబడాలి.

పోలికార్పు సంఘం బతిమాలితే ఊరి బయట పొలంలో దాక్కున్నాడు. వెతుకుతున్నారని తెలిసి ఇంకో చోటికి మారాడు. అది పిరికితనం కాదు. చివరికి ఒక దాసుణ్ణి చిత్రహింసలు పెట్టి ఆచూకీ రాబట్టారు. శుక్రవారం రాత్రి భోజనాల వేళ ఇల్లు చుట్టుముట్టారు. అప్పుడూ తప్పించుకునే వీలుంది. “దేవుని చిత్తమే జరగనీ” అని మేడ దిగి వచ్చాడు. వచ్చినవాళ్లకు కడుపునిండా భోజనం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగాడు. నిలబడి రెండు గంటలు ప్రార్థించాడు. జీవితంలో ఎదురైన చిన్నా పెద్దా అందరినీ తలచుకున్నాడు.

అసలు శోధన ఆయనను పట్టణానికి తీసుకెళ్తుండగా బండిలో వచ్చింది, అదీ మెత్తగా. అధికారి హేరోదు (బైబిల్లోని హేరోదు కాదు), అతని తండ్రి పోలికార్పును తమ పక్కన కూర్చోబెట్టుకుని, “కైసరే ప్రభువు అని చెప్పి, ధూపం వేసి ప్రాణం కాపాడుకుంటే తప్పేముంది?” అన్నారు. లొంగలేదని కిందికి తోసేస్తే కాలి ముందెముక దగ్గర గీసుకుపోయింది. ఏమీ కానట్టే గబగబా నడిచాడు.

క్రీస్తును దూషించమని అధిపతి అడిగినప్పుడు జవాబు అందరికీ తెలుసు: “86 ఏళ్లు ఆయనను సేవించాను, నాకు ఏ కీడూ చేయలేదు. నన్ను రక్షించిన నా రాజును ఎలా దూషించగలను?”

చితి దగ్గర చెప్పులు తానే విప్పుకోబోయాడు. ఆ పని ఎప్పుడూ విశ్వాసులే పోటీపడి చేసేవారు. మేకులు కొట్టబోతే వద్దన్నాడు: “మంటను ఓర్చుకునే బలమిచ్చేవాడు మేకులు లేకుండానే కదలకుండా నిలబెడతాడు.” చేతులు వెనక్కి విరిచి, తాళ్లతో కట్టి ఊరుకున్నారు.