ముందు రాళ్లు ఏరండి, తర్వాతే ఎసట్లో పోయండి

అందరికీ నమస్కారం. ఫొటోలో ముందు నాయిస్ తగ్గించాలి, తర్వాతే షార్ప్‌నింగ్ చేయాలి, ఇవాళ చెప్పేది అదే.

అంతర్వేది తీర్థంలో రాత్రి కల్యాణం ఫొటో అనుకోండి, ఐఎస్ఓ (పడిన వెలుగుని కెమెరా ఎంత పెంచి చూపాలో చెప్పే అంకె) 6400. మానిటర్ మీద 100 శాతానికి పెంచి చూస్తే ఆకాశమంతా ఇసుక చల్లినట్టుంటుంది, మధ్యమధ్య ఎరుపు, ఆకుపచ్చ మచ్చలు. ఇదే నాయిస్. మసగ్గా ఉందని చాలామంది ముందు షార్ప్‌నింగ్ పెంచేస్తారు. పోయిన వివరాన్ని షార్ప్‌నింగ్ తిరిగి తేలేదండీ. వెలుగూ చీకటీ కలిసే అంచు దగ్గర తేడాని పెంచుతుంది, అంతే. నాయిస్ రేణువుకీ అంచుంటుంది కాబట్టి దాన్నీ పెంచుతుంది. రాళ్లు ఏరకుండా బియ్యం ఎసట్లో పోసినట్టే.

ఫొటోలు దిద్దే లైట్‌రూమ్ సాఫ్ట్‌వేర్‌లో రా ఫైలు (కెమెరా దిద్దకుండా దాచిన ఫైలు) తెరిస్తే కలర్ నాయిస్ స్లైడర్ 25 మీద ఉంటుంది. రంగు మచ్చలు చాలావరకు దానితోనే పోతాయి. ఇసుకలాంటి గరుకుని తగ్గించే ల్యూమినెన్స్ సున్నాలో ఉంటుంది, 20, 30 దాకా మెల్లగా జరపండి. 60 దాటితే పట్టుచీర జరీ అలుక్కుపోయి, మొహం మైనపు బొమ్మలా తయారవుతుంది. కాస్త గరుకు మిగలనివ్వండి, ప్రింటులో అది దాదాపు కనిపించదు.

అసలు నాయిస్ పుట్టేది తీసేటప్పుడే. వెలుతురు తక్కువ పడినచోట దాని హెచ్చుతగ్గులే పైకి తేలతాయి. ఐఎస్ఓ 800లో చీకటిగా తీసి, తర్వాత కంప్యూటర్లో వెలుగుని రెండు స్టాపులు (అంటే నాలుగు రెట్లు) లేపినంత మాత్రాన, 3200లో సరిగ్గా తీసినదానికంటే శుభ్రంగా రాదు.

ఇక షార్ప్‌నింగ్. కోనసీమలో మనకి రోజూ ఎదురయ్యే పరీక్ష, తెల్లటి ఆకాశం మీద కొబ్బరాకులు. ర్యాడియస్ (అంచు పక్కన ఎంత వెడల్పున తేడా పెంచాలో చెప్పేది) 2 పెడితే ప్రతి ఈనె పక్కనా తెల్లగీత వస్తుంది. 0.7 లేదా 0.8 చాలు, అమౌంట్ (ఎంత గట్టిగా పెంచాలో చెప్పేది) 40 నుంచి 60. మొహాలకైతే ర్యాడియస్ 1.2 దాకా పెంచి, సన్నటి గీతల్ని ఎత్తి చూపే డీటెయిల్‌ని 10కి దించండి. ఆల్ట్ నొక్కి పట్టుకుని మాస్కింగ్ జరిపితే ఫొటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా ఉన్నచోటే షార్ప్‌నింగ్ పడుతుంది. ఆకాశం, గోదారి నీళ్లు నల్లబడేదాకా జరపండి. లంకల మీది పొగమంచుని మాత్రం దయచేసి ముట్టుకోకండి, దాని అందమే ఆ మెత్తదనం.

చివరి షార్ప్‌నింగ్ సైజు మార్చాకే. 12 బై 18 అంగుళాల ప్రింటుకి అంగుళానికి 300 చొప్పున 3600 బై 5400 పిక్సెళ్లు. ఇంక్‌జెట్‌లో మ్యాట్ పేపరు సిరాని పీల్చుకుంటుంది కాబట్టి గ్లాసీకంటే కొంచెం ఎక్కువ ఇవ్వాలి. ఫోనులో చూసేదానికి 2048 పిక్సెళ్లకి తగ్గించి, కొద్దిగా ఇస్తే సరి.

వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకి మాత్రం ఇవేవీ పనిచేయవు. కుదించడంలో పడిన చదరపు గళ్లనే షార్ప్‌నింగ్ ఎత్తి చూపిస్తుంది. అసలు ఫైలుని డాక్యుమెంట్‌గా పంపమని అడగండి.