తొమ్మిది నిమిషాల ఆట

అందరికీ నమస్కారం, ఆదాబ్.

మన ఊరి బాక్సర్ నిఖత్ జరీన్ గురించి ఒక అభిమానిగా మాట్లాడమని నన్ను పిలిచారు. నేను కోచ్‌ని కాదు. ఒక్కసారి కూడా గ్లవ్స్ తొడుక్కోలేదు. మన నిజామాబాద్ పసుపు మార్కెట్లో చాలా ఏళ్లు లెక్కలు రాశాను. ఆ అలవాటుతోనే ఆమె ఫలితాలు కూడా ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. ఏ ఊరు, ఏ బరువు, ఎదుట ఎవరు, స్కోరు ఎంత, అంతే. ఇదిగో, ఆ పుస్తకం తెచ్చాను.

మొదటి పేజీలో 2011, టర్కీలోని అంటాల్యా అని ఉంది. జూనియర్ ప్రపంచ పోటీల్లో బంగారు పతకం. అప్పటికి ఆమెకు పదిహేనేళ్లు కూడా నిండలేదు. పేపర్లో చూసి, మన ఊరి పిల్లేనా అని రెండుసార్లు చదివాను. అంతకుముందు కథ తర్వాత తెలిసింది. కలెక్టరేట్ గ్రౌండ్‌లో పరుగు పందేలకు ప్రాక్టీసు చేస్తూ, బాక్సింగ్‌లో ఆడపిల్లలు ఎందుకు లేరని వాళ్ల నాన్న జమీల్ అహ్మద్ గారిని అడిగిందట. ఆయన బాక్సింగ్ కోచ్ సంసముద్దీన్ సార్ దగ్గర చేర్పించారు. ఆడపిల్లలెవరూ లేరు కాబట్టి మగపిల్లలతోనే స్పారింగ్, అంటే ప్రాక్టీసు పోరు. ముక్కు నుంచి రక్తం కారి, కన్ను కమిలి ఇంటికొస్తే తల్లి పర్వీన్ సుల్తానా గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. ఈ పిల్లను ఎవరు చేసుకుంటారని ఆమె బెంగ. నలుగురు ఆడపిల్లలున్న ఇల్లు, చుట్టూ నలుగురి మాటలు. అవన్నీ భరించి కూతుర్ని మళ్లీ గ్రౌండ్‌కు పంపారు. ఆ తల్లిదండ్రులకు ఈ సభలో చేతులెత్తి దండం పెడుతున్నాను.

సంసముద్దీన్ సార్ గురించి ఇంకొక మాట. ఆయన కొడుకు హుసాముద్దీన్ కూడా ప్రపంచ స్థాయి బాక్సరే. 2023లో తాష్కెంట్ ప్రపంచ పోటీల్లో సెమీస్ దాకా వెళ్లి, మోకాలి గాయంతో ఆ బౌట్ ఆడలేక కాంస్యంతో తిరిగొచ్చాడు. ఒకే ఊరు, ఒకే కోచ్, ఇద్దరు ప్రపంచ పతక విజేతలు. ఈ సంగతి మన ఊళ్లోనే చాలామందికి తెలియదు. నాకు అదే బాధ.

పుస్తకంలో 2017 పేజీ దాదాపు ఖాళీ. భుజం గాయం వల్ల ఏడాదికి దగ్గరగా ఆమె రింగ్‌కు దూరమైంది. పేపర్లో ఒక్క ముక్క ఉండేది కాదు. మార్కెట్లో తోటివాళ్లు "మీ అమ్మాయి ఏమైంది?" అని అడిగితే ఏం చెప్పాలో తెలిసేది కాదు. ఆడుతుందో లేదో కూడా తెలియకుండా ఎదురుచూడటం ఎంత కష్టమో అప్పుడే తెలిసింది. 2018లో బెల్‌గ్రేడ్‌లో బంగారం, 2019లో సోఫియాలో స్ట్రాంజా టోర్నమెంట్ బంగారం. ఆ రెండూ నేను ఎర్ర సిరాతో రాశాను.

ఇక 2019 డిసెంబర్ 28. ఈ పేజీ దగ్గర కొంచెం ఆగుతాను.

టోక్యో ఒలింపిక్స్ క్వాలిఫయింగ్‌కు 51 కిలోల విభాగంలో ఎవరిని పంపాలి? మేరీ కోమ్ ఆరుసార్లు ప్రపంచ విజేత. నిఖత్ అడిగింది ఒక్కటే, ట్రయల్ పెట్టండి, ఇద్దరినీ ఆడించి తేల్చండి అని. దాని కోసం అప్పటి కేంద్ర క్రీడా మంత్రికి ఉత్తరం రాసింది. అదే మేరీ కోమ్‌ను చూసి పెరిగిన పిల్ల ఆ ఉత్తరం రాయడానికి ఎంత ధైర్యం కూడదీసుకుందో ఆలోచించండి. ట్రయల్ ఢిల్లీలో జరిగింది. నిఖత్ 9-1తో ఓడింది. బౌట్ అయ్యాక మేరీ కోమ్ చేయి కలపలేదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అయితే మరునాడు బౌట్ వీడియో చూశాక ఒక విషయం ఒప్పుకోవాల్సి వచ్చింది. ఆ రోజు మేరీ కోమ్ బాగా ఆడింది. దూరం పాటించడం, దెబ్బ వేసి తప్పుకోవడం, అంతా అనుభవం. నిఖత్ అడిగింది అవకాశం, అది దొరికింది. అడగడం తప్పని అప్పుడు అన్నవాళ్లతో నేను ఇప్పటికీ ఒప్పుకోను. 2022లో ప్రపంచ విజేత అయ్యాక ఆమె మేరీ కోమ్ పక్కన నిలబడి ఫోటో దిగింది. అది చూసి నాకు చాలా తృప్తిగా అనిపించింది.

ఆ ప్రపంచ టైటిల్ గురించే అసలు చెప్పాలి. 2022 మే 19, ఇస్తాంబుల్, 52 కిలోలు. ఫైనల్లో థాయ్‌లాండ్ బాక్సర్ జిట్‌పాంగ్ జుటామస్. మర్నాడు అందరూ 5-0 అన్నారు. ఏకపక్షంగా గెలిచిందని చాలామంది అనుకున్నారు. అది నిజం కాదు. ఈ ఆటలో మూడేసి నిమిషాల మూడు రౌండ్లు. ఐదుగురు జడ్జీలు ఒక్కో రౌండ్‌కు విడిగా మార్కులు వేస్తారు. రౌండ్ గెలిచినవాళ్లకు 10, రెండోవాళ్లకు సాధారణంగా 9. 5-0 అంటే ఐదుగురూ ఆమెనే విజేతగా రాశారని మాత్రమే. ఆ ఐదుగురిలో ముగ్గురి కార్డు 29-28. అంటే ఒక రౌండ్ ఆమె చేతిలోంచి జారింది. రెండో రౌండ్‌లో జుటామస్ పుంజుకుంది. మూడో రౌండ్‌కు ముందు ఆ ఒక్క నిమిషం విరామంలో నాకున్న టెన్షన్ చెప్పలేను.

అందుకే మీకు నా విన్నపం ఒకటుంది. మన ఊరి బాక్సర్ ఆడిందంటే "మెడల్ వచ్చిందా?" అనేదే మన మొదటి ప్రశ్న, చివరి ప్రశ్న కూడా. "ఎట్లా ఆడింది?" అని అడగండి. ఆ తొమ్మిది నిమిషాలు చూడండి.

అట్లా చూడకపోతే పారిస్ మనకు అర్థం కాదు. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ బంగారం, 2023 మార్చిలో ఢిల్లీలో వియత్నాం బాక్సర్ న్గుయెన్ థి టామ్ మీద గెలిచి రెండో ప్రపంచ టైటిల్, రెండూ 50 కిలోల్లో. పారిస్ ఒలింపిక్స్‌లో 52 కిలోల విభాగం లేదు, ఉన్నవి 50, ఆ తర్వాత 54. కాబట్టి కిందికి దిగక తప్పలేదు. బౌట్ ఉన్న ప్రతి రోజూ పొద్దున్నే తూకం. జీవితమంతా పసుపు బస్తాల తూకాలు రాసినవాణ్ణి నేను. మనిషి ఒంట్లోంచి రెండు కిలోలు తీయడం ఎంత కష్టమో ఆమెను చూశాకే తెలిసింది.

2024 ఆగస్టు 1 మధ్యాహ్నం. పారిస్‌లో ఆమెకు సీడింగ్ లేదు, అంటే బలమైనవాళ్లు మొదట్లోనే ఎదురుపడకుండా ముందే ఇచ్చే స్థానం. మొదటి బౌట్ జర్మనీ అమ్మాయి మీద గెలిచి, రెండో బౌట్‌లోనే చైనా బాక్సర్ వూ యూ ఎదురైంది. టాప్ సీడ్. 2023లో నిఖత్ ఢిల్లీలో 50 కిలోల టైటిల్ గెలిచినప్పుడు అక్కడే 52 కిలోల టైటిల్ గెలిచింది ఈ వూ యూ. నిఖత్ 0-5తో ఓడింది. వూ యూ చివరిదాకా వెళ్లి బంగారం తీసుకుంది. ఆ సాయంత్రం మన వీధుల్లో అందరూ రెండో బౌట్‌కే ఇంటికి అన్నారు. ఎవరి చేతిలో ఓడిందో ఒక్కరూ అనలేదు. ఆ రోజు నోటు పుస్తకంలో నేను స్కోరు రాయలేదు. వారం తర్వాత, వూ యూ ఫైనల్ గెలిచాక రాశాను.

2025 సెప్టెంబర్‌లో లివర్‌పూల్ ప్రపంచ పోటీల్లో క్వార్టర్ ఫైనల్లో టర్కీ బాక్సర్ చకిరోగ్లు చేతిలో ఓటమి. ఇదే చకిరోగ్లుని 2022 స్ట్రాంజాలో నిఖత్ ఓడించింది. నవంబర్‌లో గ్రేటర్ నోయిడా ప్రపంచ కప్ ఫైనల్స్, 51 కిలోలు, చైనీస్ తైపీ బాక్సర్ గువో యి షువాన్ మీద 5-0, బంగారం. పుస్తకంలో మళ్లీ ఎర్ర సిరా.

నా మాటలు చాలు. ఇస్తాంబుల్ ఫైనల్ వీడియో తెచ్చాను, ఇప్పుడు స్క్రీన్ మీద వేస్తారు. రెండో రౌండ్ జాగ్రత్తగా చూడండి. జుటామస్ ముందుకొచ్చినప్పుడు నిఖత్ కాళ్లను చూడండి, చేతులను కాదు. లైట్లు తీసేయండి బాబూ.