కెమెరా పట్టాలంటే పట్టా కావాలా? స్టూడియో చర్చ పూర్తి పాఠం

ఓ పెళ్లిళ్ల స్టూడియో వేసిన ఉద్యోగ ప్రకటన ఈ వారమంతా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగింది. "ఫొటోగ్రఫీ డిగ్రీవాళ్లు దరఖాస్తు చేయొద్దు, మూడు పెళ్లి సీజన్లు పనిచేసినవాళ్లే రావాలి" అని అందులో ఉంది. దాని మీద పెట్టిన చర్చ ఇది. కరీంనగర్ స్టూడియో యజమాని, ఫొటోగ్రఫీ లెక్చరర్, రిటైరైన ప్రెస్ ఫొటోగ్రాఫర్, బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) మూడో ఏడాది విద్యార్థిని పాల్గొన్నారు. పిల్లల్ని ఈ కోర్సులో చేర్చాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తల్లిదండ్రులకు పనికొస్తుందని, మాటలు దిద్దకుండా ఇస్తున్నాం.

మోడరేటర్: నమస్కారం. అందరికీ సమానంగా సమయం ఇస్తాను. సూటిగా అడుగుతా. ఏఐ క్షణాల్లో ఫొటో తయారుచేసి ఇస్తున్న రోజుల్లో నాలుగేళ్లు ఫొటోగ్రఫీ చదవడం దండగ కాదా? మేడమ్, మీరు చెప్పండి.

లెక్చరర్: ముందు అక్కడ ఏం చదువుతారో చెప్పనివ్వండి. హైదరాబాద్ జేఎన్ఏఎఫ్ఏయూలో, అంటే ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో, బీఎఫ్ఏ ఫొటోగ్రఫీ ఉంది, నాలుగేళ్లు. గాంధీనగర్ ఎన్ఐడీలో, అంటే నేషనల్ డిజైన్ ఇన్‌స్టిట్యూట్‌లో, ఫొటోగ్రఫీ డిజైన్‌లో ఎం.డెస్ అనే పీజీ ఉంది. ఇలాంటి చోట్ల వెలుగు ఎలా పడుతుందో, దాన్ని మనకు కావలసినట్టు ఎలా మలచుకోవాలో పద్ధతి ప్రకారం…

యజమాని: వెలుగు మండపంలో నేర్చుకోవాలి మేడమ్, క్లాసులో కాదు.

లెక్చరర్: నా మాట పూర్తి చేయనివ్వండి…

యజమాని: ఒక్క నిమిషం మేడమ్. జీలకర్ర బెల్లం పెట్టేటప్పుడు తెర దించుతారు కదా. తెర దిగగానే అమ్మాయి తలెత్తి అబ్బాయిని చూస్తుంది. ఆ చూపు ఎంతసేపుంటుంది? అప్పుడే మేనమామ ముందుకొస్తాడు, పంతులుగారి చెయ్యి అడ్డమొస్తుంది, వీడియో అతని లైటు పక్క నుంచి మొహాల మీద కొడుతుంది, వెనక చుట్టాలందరూ ఫోన్లు పైకెత్తుతారు. మా కుర్రాడు అప్పటికే మోకాలి మీద కూర్చొని రెడీగా ఉంటాడు. తెర ఎటువైపు దించుతారో పంతులుగారిని ముందే అడిగిపెట్టుకున్నాడు కాబట్టి. ఇది ఏ సిలబస్‌లో ఉందో చూపించమనండి.

మోడరేటర్: బలమైన మాట. కానీ అన్నా, ఆ చూపును రేపు ఏఐ తయారుచేస్తే?

యజమాని: తయారుచేయనీ. ఆ అమ్మాయి తల్లికి నిజంగా చూసిన చూపే కావాలి.

ప్రెస్ ఫొటోగ్రాఫర్: ఇక్కడ నేనొకటి…

యజమాని: ఇంకొక్క మాట సార్. రాజా దీన్‌దయాళ్ ఏ ఫొటోగ్రఫీ కాలేజీలో చదివాడు? సొంతంగా నేర్చుకొని నిజాం ఆస్థాన ఫొటోగ్రాఫర్ అయ్యాడు. అంత పేరున్న ఫొటోగ్రాఫర్ రఘు రాయ్ చదివింది సివిల్ ఇంజినీరింగ్. కెమెరా అన్న దగ్గర నేర్చుకున్నాడు.

లెక్చరర్: దీన్‌దయాళ్ రూర్కీ థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివాడండీ. కొలతలు, డ్రాయింగ్ నేర్చుకున్నాడు. ఆయన తీసిన భవనాల ఫొటోల్లో గోడలు నిటారుగా నిలబడ్డాయంటే ఆ చదువు ప్రభావం లేదంటారా? పైగా ఆయన ఒంటరిగా ఏం చేయలేదు. సికింద్రాబాద్‌లో, బొంబాయిలో స్టూడియోలు నడిపాడు. హైదరాబాద్‌లో పరదా పాటించే స్త్రీల కోసం 1892లో జనానా స్టూడియో పెట్టి ఓ ఇంగ్లిష్ మహిళకు అప్పగించాడు. ఎవరికి ఏం కావాలో కనిపెట్టి దానికి తగిన ఏర్పాటు చేశాడు. మేం నేర్పాలనుకునేది అదే.

యజమాని: చూశారా, ఫొటోగ్రఫీ డిగ్రీ లేదని మీరే ఒప్పుకున్నారు.

లెక్చరర్: అప్పుడు ఆ డిగ్రీయే లేదు కదా!

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడారు, కొన్ని మాటలు వినబడలేదు.)

మోడరేటర్: సరే సరే. సార్, మీరు పత్రికల్లో ఏళ్ల తరబడి పనిచేశారు. ఏఐ వల్ల ప్రెస్ ఫొటోగ్రాఫర్ పని…

ప్రెస్ ఫొటోగ్రాఫర్: ఏఐ రాకముందే దెబ్బ తగిలింది బాబూ. 2013లో అమెరికాలో షికాగో సన్ టైమ్స్ తన ఫొటోగ్రాఫర్లందర్నీ ఒకేసారి తీసేసి, ఫోన్లతో ఫొటోలు తీయమని రిపోర్టర్లకు చెప్పింది. పత్రిక ఉద్యోగాన్నే నమ్ముకొని ఎవరూ ఈ కోర్సులో చేరొద్దు. అలాగని చదువు అక్కర్లేదనను. డానిష్ సిద్దిఖీ ఢిల్లీ జామియాలో మాస్ కమ్యూనికేషన్ చదివాడు. టీవీ రిపోర్టర్‌గా మొదలై రాయిటర్స్ వార్తాసంస్థకు ఫొటోగ్రాఫర్ అయ్యాడు. రోహింగ్యా శరణార్థుల ఫొటోలకు 2018లో పులిట్జర్ పత్రికా బహుమతి అందుకున్న బృందంలో ఉన్నాడు. ఎక్కడ నిలబడాలో, ఎందుకు నిలబడాలో తెలిసిన మనిషి. 2021లో అఫ్గానిస్థాన్‌లో పనిచేస్తూనే చనిపోయాడు. చదువు దండగని అనేముందు…

యజమాని: గొప్పవాడే సార్, కాదనను. కానీ ఆయన చదివింది ఫొటోగ్రఫీ కాదు, జర్నలిజం. నేనన్నదీ అదే కదా.

(ఆ మాటకు మోడరేటర్ తలూపారు. ప్రెస్ ఫొటోగ్రాఫర్ చెప్పదలచుకున్నది సగంలోనే ఆగింది. ఆయన్ని పూర్తి చేయనివ్వాల్సింది.)

లెక్చరర్: పనితనం సంగతే మాట్లాడదాం. ఇప్పుడు మండపం వెనక ఎల్ఈడీ వాల్ పెడుతున్నారు. మీ కుర్రాళ్ల ఫొటోల్లో అడ్డంగా నల్లచారలు వచ్చాయా, లేదా?

యజమాని: వచ్చాయి. సైలెంట్ మోడ్, అంటే ఎలక్ట్రానిక్ షట్టర్, తీసేసి మెకానికల్ షట్టర్ పెట్టమన్నా. పోయాయి.

లెక్చరర్: ఎందుకు పోయాయో చెప్పారా? ఎల్ఈడీ మన కంటికి తెలియకుండా ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. ఎలక్ట్రానిక్ షట్టర్‌లో సెన్సర్ ఫొటోని వరస తర్వాత వరసగా చదువుతుంది. లైటు ఆరినప్పుడు చదివిన వరసలు నల్లగా వస్తాయి. ఈ కారణం తెలిసినవాడు రేపు కొత్త రకం లైటు వచ్చినా షట్టర్ స్పీడ్ మార్చి చూసుకుంటాడు. తెలియనివాడు మీకు ఫోన్ చేస్తాడు.

యజమాని: కస్టమర్ కారణం అడగడు మేడమ్. ఫొటో అడుగుతాడు.

మోడరేటర్: (నవ్వుతూ) ఇది ప్రోమోకి పెట్టుకోవచ్చు. అమ్మా, నువ్వు చెప్పు. ఏఐ అంటే మీ క్లాసులో టెన్షన్ ఉందా?

విద్యార్థిని: ఏఐ కన్నా ముందు వేరే టెన్షన్లు ఉన్నాయి సార్. కాలేజీలో కెమెరాలు అందరికీ చాలవు. సొంత కెమెరా బాడీ, లెన్సు కొనాలంటే ఇంట్లో అప్పు చేయాలి. సెలవుల్లో స్టూడియోకి వెళ్తే బ్యాగులు మోయిస్తారు, లైట్ స్టాండ్ పట్టుకోమంటారు, డబ్బులివ్వరు. కొటేషన్ ఎలా రాయాలో, అడ్వాన్స్ ఎంత అడగాలో కాలేజీలోనూ చెప్పలేదు. ఇద్దరినీ అడుగుతున్నా: పని నేర్పేది ఎవరు, నేర్చుకునే రోజుల్లో మాకు జీతమిచ్చేది ఎవరు?

యజమాని: మంచి ప్రశ్న తల్లీ. నేనూ బ్యాగులు మోశా. మోయకుండా ఎవడూ ఫొటోగ్రాఫర్ కాడు. మా రోజుల్లో రీలు కడగడానికి డార్క్‌రూమ్‌లో రాత్రంతా…

(డార్క్‌రూమ్ రోజుల గురించి చాలాసేపు చెప్పారు. జీతం ప్రశ్నకు జవాబు రాలేదు.)

లెక్చరర్: ఆ అమ్మాయి చెప్పింది నిజం. వ్యాపారం వైపు మా సిలబస్‌లు బలహీనంగానే ఉన్నాయి. చాలామందికి తెలియనిది ఒకటి చెప్తా. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, డబ్బులిచ్చి ఎవరైనా మీ చేత ఫొటో తీయించుకుంటే, వేరే ఒప్పందం లేకపోతే ఆ ఫొటో మీద మొదటి హక్కు తీయించుకున్నవాళ్లదే. అంటే రాతపూర్వకంగా ఒప్పందం లేకుండా పెళ్లి ఫొటోని మీ ప్రచారానికి వాడుకుంటే…

యజమాని: ఏంటి? నేను తీసిన ఫొటో నాది కాదా?

లెక్చరర్: ఒప్పందం రాసుకుంటే మీది. రాసుకోకపోతే వాళ్లది.

యజమాని: మా స్టూడియో పేజీలో ఉన్నవన్నీ నేను తీసినవే మేడమ్! ఎవరూ ఎప్పుడూ అడగలేదు.

ప్రెస్ ఫొటోగ్రాఫర్: అడిగిన రోజు ఏం చేస్తావు?

మోడరేటర్: ఇది లాయర్లు తేల్చాల్సిన విషయం. మనం ఏఐకి వద్దాం. 2023లో సోనీ వరల్డ్ ఫొటోగ్రఫీ అవార్డుల్లో ఓ జర్మన్ ఫొటోగ్రాఫర్ ఏఐతో చేసిన బొమ్మ గెలిచింది. ఆయనే బహుమతి వద్దన్నాడు. జడ్జీలే పోల్చుకోలేకపోతే చదువు ఎందుకు?

(కాపీరైట్ మాట అక్కడితో పక్కకు పోయింది. ఈ వృత్తిలోకి రాబోయేవాళ్లకు ఈ చర్చలో అన్నిటికన్నా అవసరమైన విషయం అదే.)

లెక్చరర్: ఆయన ఎన్నో ఏళ్లుగా ఫొటోగ్రఫీలో ఉన్నవాడండీ. పోటీలు ఏఐని ఎదుర్కోవడానికి సిద్ధంగా ఉన్నాయా అని పరీక్షించడానికే పంపానన్నాడు. ఆ ప్రశ్న వేయాలని తోచడానికే చూపు…

యజమాని: ఏఐని వదిలేయండి సార్, డ్రోన్ సంగతి మాట్లాడండి. ఇప్పుడు డ్రోన్ లేని పెళ్లి ఉందా? 250 గ్రాములు దాటిన డ్రోన్ డబ్బులకు ఎగరేయాలంటే పైలట్ సర్టిఫికెట్ కావాలని 2021 డ్రోన్ రూల్స్ అంటున్నాయి. ఆ కోర్సు పెట్టమనండి, మా కుర్రాళ్లను రేపే పంపిస్తా. పనికొచ్చే చదువు అంటే అది!

మోడరేటర్: అంటే చదువు కావాలంటున్నారా అన్నా?

యజమాని: పనికొచ్చేది కావాలి. నాలుగేళ్లు అక్కర్లేదు.

మోడరేటర్: సమయం అయిపోతోంది. ఒక్క మాటలో చెప్పండి. డిగ్రీ కావాలా, వద్దా?

లెక్చరర్: కావాలి. అయితే రెండో ఏడాది నుంచే జీతంతో ఇంటర్న్‌షిప్, ఒప్పందాలు, ఏడాది టర్నోవర్ ఇరవై లక్షలు దాటితే కట్టాల్సిన జీఎస్టీ, ఇవన్నీ సిలబస్‌లో…

మోడరేటర్: ఒక్క మాటే మేడమ్. సార్?

ప్రెస్ ఫొటోగ్రాఫర్: చదవాలి. ఏం చదవాలన్నది…

మోడరేటర్: అన్నా?

యజమాని: వద్దు. ఎందుకంటే సార్, నా దగ్గర ఎనిమిది మంది పనిచేస్తున్నారు, ఒక్కడికీ పట్టా లేదు. అందరూ ఇల్లు నడుపుకుంటున్నారు. తల్లిదండ్రులు నాలుగేళ్ల ఫీజు పెట్టే బదులు ఆ డబ్బుతో మంచి కెమెరా కొనివ్వండి, ఒక సీజన్ మా దగ్గరికి పంపించండి. తర్వాత వాడి బతుకు వాడు చూసుకుంటాడు. ఈ తల్లి కూడా రావచ్చు, వచ్చే ముహూర్తాలకే పని ఇస్తా.

విద్యార్థిని: జీతం ఎంత సార్?

యజమాని: ముందు రామ్మా, పని చూశాక మాట్లాడదాం.

లెక్చరర్: రాసివ్వండి. ఎన్ని గంటలు, ఎంత జీతం, ఆమె తీసిన ఫొటోలు ఆమె పోర్ట్‌ఫోలియోలో పెట్టుకోవచ్చా, అన్నీ కాగితం మీద…

యజమాని: మా దగ్గర కాగితాలుండవు మేడమ్, నమ్మకమే.

విద్యార్థిని: నాకు కాగితమే కావాలి సార్. లేకపోతే…

మోడరేటర్: విరామం తీసుకోవాలి. విరామం తర్వాత, ఏఐతో మీ ఇంటి పెళ్లి ఆల్బమ్ తయారుచేయొచ్చా? చూస్తూనే ఉండండి.