రామోన్స్ ‘ఇట్స్ అలైవ్’ రివ్యూ: పాటకీ పాటకీ మధ్య ఊపిరి తీసుకోరు

నమస్తే అందరికీ. రామోన్స్ అంటే అమెరికా పంక్ రాక్ బ్యాండు, ‘ఇట్స్ అలైవ్’ వాళ్ళ లైవ్ కచేరీ రికార్డు. ముందే చెప్పేస్తున్నా, ఈ రికార్డు నేను కొన్నది కాదు. ఒక రికార్డుల షాపు వాళ్ళు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులు ఇవ్వలేదు, ఏం చెప్పాలో కూడా చెప్పలేదు.

పాటల లిస్టు, కవర్ ఫొటోలు మీరు ఈపాటికి చూసేసి ఉంటారు. నేను ఒక్క అరుపు గురించి మాట్లాడతా. ‘వన్ టూ త్రీ ఫోర్!’

1977 డిసెంబర్ 31 రాత్రి, లండన్‌లోని రెయిన్‌బో థియేటర్. పాట అయిపోతుంది. జనం చప్పట్లు ఇంకా ఊపందుకోకముందే బాస్ వాయించే డీ డీ ఆ అరుపు అరుస్తాడు, తర్వాతి పాట వచ్చి మీద పడుతుంది. చాలాసార్లు ఆ అరుపు వేగం ఒకటి, పాట వేగం ఒకటి. తాళం చూపించడానికి కాదు, మనల్ని తోసుకుంటూ వెళ్ళడానికే అరుస్తాడనిపిస్తుంది. సుమారు 54 నిమిషాల్లో 28 పాటలు. అంటే పాటకి రెండు నిమిషాలు కూడా లేవు.

ఇదివరకు నా దగ్గర ఇంకో బ్యాండు లైవ్ రికార్డు ఉండేది. అందులో డ్రమ్ సోలోనే పది నిమిషాలు. రెండోసారి నుంచి ఆ ముక్క దాటించేసేవాణ్ణి. ఇందులో దాటించడానికి ఏమీ లేదు.

జానీ గిటార్ వినండి. దాదాపు మొత్తం చెయ్యి కిందికే కొడతాడు, పైకి కొట్టడం ఉండదు. ఆ రంపం కోసే మోత అందుకే వస్తుంది. నేనూ నా గిటార్ మీద అలా ప్రయత్నించాను. రెండో పాటకే మణికట్టు పట్టేసింది. ఆయన అదే పని గంటసేపు చేశాడు. వెనక టామీ డ్రమ్స్ ఎక్కడా తడబడవు. ప్రొడ్యూసర్ ఎడ్ స్టేసియమ్‌తో కలిసి ఈ రికార్డుని తయారు చేసింది కూడా టామీయే. 1979 ఏప్రిల్‌లో ఇది బయటికొచ్చేసరికి ఆయన డ్రమ్స్ వదిలేశాడు, ఆ సీట్లో మార్కీ ఉన్నాడు. అందుకే సింగర్ జోయీ, జానీ, డీ డీ, టామీ, ఈ నలుగురూ కలిసి వాయించిన ఈ రాత్రి నాకు అంత విలువైనది.

ఆ టూర్‌లో నాలుగు కచేరీలు రికార్డు చేశారు. లండన్‌దే ఎందుకు ఎంచుకున్నారంటే, కచేరీ అయ్యాక జనం పది వరుసల కుర్చీలు పీకి స్టేజీ మీదికి విసిరారట. వింటే మీరూ నమ్ముతారు.

ఇక నా కోపం. ఇది రెండు డిస్కులు, నాలుగు వైపులు. పదమూడు, పద్నాలుగు నిమిషాలకోసారి లేచి తిప్పాలి. ఆగకుండా పరిగెత్తడమే ప్రాణమైన కచేరీని మూడుచోట్ల కోసేసినట్టుంది. ప్రతిసారీ ఒళ్ళు మండింది. ఫోన్‌లో వింటే ఇంకా ఘోరం. నేను వాడే యాప్ పాటకీ పాటకీ మధ్య చిన్న ఖాళీ పెడుతుంది. ఆ అరసెకను నిశ్శబ్దంతో జనం గోల పుటుక్కున తెగిపోతుంది. అది ఈ రికార్డుకి చేసే అన్యాయం.

అయినా కొనమనే చెప్తాను. వారంలో ఆరుసార్లు విన్నాను, జోయీ గొంతు వినగానే ప్రతిసారీ కుర్చీలోంచి లేచాను. ప్లేయర్ లేకపోతే సీడీ తీసుకోండి, డిస్కు తిప్పే బాధ ఉండదు. ఫోన్‌లోనే వింటానంటే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, పాటల మధ్య ఆ ఖాళీ లేకుండా చేసే గ్యాప్‌లెస్ ఆన్ చేయండి. షఫుల్ మాత్రం ఆపేయండి.