ఘానాలో మిగిలిన ఒక్క సర్వర్

సభాధ్యక్షులకు, మిత్రులకు నమస్కారం. ప్రభుత్వాల అండతో జరిగే సైబర్ దాడులను దేశాలు కలిసి ఎలా నిలువరించాలన్నది నాకిచ్చిన అంశం. రాసుకొచ్చిన కాగితాలు పక్కనపెట్టి, ముందుగా ఒక హార్డ్ డిస్క్ చేసిన ప్రయాణం గురించి చెబుతాను.

2017 జూన్ 27న ఉక్రెయిన్‌లో ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌లో దాక్కుని బయలుదేరిన నాట్‌పెట్యా అనే వైరస్, గంటల్లోనే డెన్మార్క్ నౌకారవాణా సంస్థ మెర్స్క్ నెట్‌వర్క్‌ను కుప్పకూల్చింది. ఏ ఉద్యోగి ఏ వ్యవస్థలోకి వెళ్లవచ్చో తేల్చే డొమైన్ కంట్రోలర్లనే సర్వర్లన్నీ తుడిచిపెట్టుకుపోగా, ఘానాలో ఒక్కటి మిగిలింది. అదీ ఎవరి ముందుచూపు వల్లనో కాదు, దాడి సమయానికి అక్కడ కరెంటు పోయినందువల్ల. అందులోని సమాచారాన్ని మరమ్మతు సాగుతున్న బ్రిటన్‌కు ఇంటర్నెట్‌లో పంపుదామంటే రోజులు పడుతుంది. మనిషితో పంపుదామంటే అక్కడి సిబ్బందిలో ఎవరికీ బ్రిటన్ వీసా లేదు. చివరికి ఒక ఉద్యోగి నైజీరియా దాకా విమానంలో వెళ్లి డిస్క్‌ను మరొకరి చేతికిస్తే, అది అక్కడి నుంచి లండన్ చేరింది. వీసా అడిగింది వైరస్‌ను కాదు, మరమ్మతుకు బయలుదేరినవాళ్లను!

దాడి వెనుక రష్యా సైన్యం ఉందని బ్రిటన్, అమెరికా తదితర దేశాలు ప్రకటించింది 2018 ఫిబ్రవరిలో, రష్యా కాదంది. ఆ జాప్యాన్ని నేను తప్పుపట్టను, ఎందుకంటే దాడి చేసినవారు మరొకరి ఆనవాళ్లు వదిలిపోవడం ఈ రంగంలో మామూలే. నా ఫిర్యాదల్లా దోషి పేరు తేలేదాకా సాయం మాట ఎత్తకపోవడం మీదే.

ఒకసారి అర్ధరాత్రి దాటాక, మాపై దాడికి వాడుతున్న సర్వర్ ఉన్న దేశపు సైబర్ అత్యవసర స్పందన బృందానికి నేనే ఫోన్ చేశాను. ఎత్తినాయన ఎంతో మర్యాదగా, విదేశాంగ శాఖ ద్వారా లేఖ పంపమన్నారు. లేఖ మూడో రోజుకు చేరింది. అప్పటికి లాగ్‌లు, అంటే ఆ సర్వర్‌లో ఎవరు ఏం చేశారో చెప్పే నమోదులు, చెరిగిపోయాయి.

కీలక వ్యవస్థలపై దాడి జరిగిన దేశం సాయం కోరితే స్పందించాలని ఐక్యరాజ్యసమితిలో 2015లో కుదిరిన 11 నియమాల్లో ఒకటి చెబుతోంది; అయితే అవన్నీ స్వచ్ఛందమే. 2024లో, సైబర్ దాడులప్పుడు ఏ దేశంలో ఎవరిని సంప్రదించాలో చెప్పే అధికారుల పట్టిక కూడా అమల్లోకి వచ్చింది. ఐరోపా సమాఖ్య 2020 జులైలో తొలి సైబర్ ఆంక్షలు విధించినప్పుడు నేనూ సంతోషించినవాడినే, కానీ దెబ్బతిన్న వ్యవస్థ రెండు రోజుల్లో లేచి నిలబడుతుందన్న అనుమానం దాడి చేయించేవారిని అంతకన్నా ఎక్కువ ఆలోచింపజేస్తుంది. ఆ పట్టికలో పేరున్నవారు ఈ సభలో ఉంటే, వారిని ఒక్కటే అడుగుతాను: అర్ధరాత్రి ఫోన్ వస్తే, లేఖ కోసం ఆగకుండా లాగ్‌లు భద్రపరచమని ఆదేశించే అధికారం మీకుందా?